రెండు రుమాళ్లు, ఒక ప్రసంగం

దేవునికి స్తోత్రం. పూలకు వాసననూ, దాన్ని పట్టుకునే ముక్కునూ, ఆ ముక్కు కింద ఆగకుండా వాగే నోటినీ ఇచ్చిన ఆయనకే మహిమ. ఆ నోటితోనే కాగజ్‌నగర్‌లోని మా చిన్న సంఘం ముందు నేనెలా మునిగిపోయానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

ఒక శనివారం పాస్టరయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు వాక్యం నువ్వు చెప్పు తమ్మీ. మంచిగ చెప్తే జైనూర్ ప్రార్థన కూటం నీకే అప్పజెప్త."

ఇక నేను నేల మీద లేను. కళ్లు మూస్తే జైనూర్ గుట్టలు, పొగమంచు, ఆ మంచులోంచి నా మాట కోసం నడిచొస్తున్న జనం.

ఆ మత్తులోనే ఉపమానం తట్టింది. దుబాయి నుంచి వచ్చిన బావ దగ్గర పెద్ద కంపెనీ సెంటు అడిగి తెచ్చాను. డబ్బాతో సహా దాన్ని అచ్చుగుద్దినట్టున్న నకలు బజార్లో చవగ్గా దొరికింది. ఆదివారం రెండు రుమాళ్ల మీద చల్లి, అసలుది ఆడవాళ్ల వైపు కిటికీకి, నకలుది మగవాళ్ల వైపు కిటికీకి కట్టాను.

"ఏది ఏందో ఇప్పుడే చెప్ప. ఆఖరి దాక నిలిచేదే అసలు భక్తి. గీ రుమాళ్లే సాక్ష్యం!"

మందిరం పూలతోటైపోయింది. నేను మాట్లాడుతున్నానో తేలుతున్నానో నాకే తెలియలేదు. గోడమీది గడియారం ఎన్నిసార్లు దగ్గినా వినలేదు.

"ఇగ చూడుండ్రి!" అన్నాను చివరికి.

సంఘంలో అందరికన్నా పెద్దామె శాంతవ్వ ఆడవాళ్ల వైపు రుమాలు ముక్కుకు ఆనించుకుంది. "ఏం లేదు బిడ్డా. ఉత్త బట్ట."

మగవాళ్ల వైపు తుమ్ముల మధ్య ఎవరో అరిచారు. "మాకు తలకాయలు పలుగుతున్నయ్! జర బయట పడేయ్ తమ్మీ!"

పాస్టరయ్య మెల్లగా అడిగాడు. "గీ రెండిట్ల అసలుదేది?"

అబద్ధమాడే చోటు కాదు కదా! "వాసన పోయింది అసలుదయ్యా. నిలిచింది డూప్లికేట్."

శాంతవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గట్లనా? మరి పొద్దటి సంది ఆపకుంట చెప్తున్నవ్. నువ్వు ఏ సీసవు బిడ్డా?"

మందిరమంతా గొల్లున నవ్వింది. పాస్టరయ్య కూడా కండువాలో ముఖం దాచుకున్నాడు. "జైనూర్ పోదువు గని," అన్నాడు నవ్వు ఆపుకుంటూ, "ముందుగాల అందరి అన్నాలకు చాపలు పరచు."

పరిచాను. అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన తేలి వచ్చి, ఒక్క క్షణం మా మధ్య కూర్చుని, వెళ్లిపోయింది. ఎవరూ చల్లలేదు, ఎవరూ కట్టలేదు.

బైబిలు ప్రకారం మేం ఒట్టు పెట్టుకోకూడదు గనుక ఊరికే మాటిస్తున్నాను: బతికుండగా ఏ ప్రసంగానికీ సెంటు పూయను. మీరూ నాతో కళ్లు మూయండి. ప్రభువా, మా మాట కాసేపే నిలిచినా సరే, అసలుదై ఉండనివ్వు. ఆమేన్.