నీళ్ళకి పోని చుక్క

నా ఎడమ బుగ్గ మీద ఒక పచ్చబొట్టు ఉంది. పువ్వూ కాదు, పేరూ కాదు, మిరియపు గింజంత వట్టి చుక్క. నాకు ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. పసిపిల్లలకి దిష్టి తగలకుండా బుగ్గన కాటుక చుక్క పెట్టడం అందరూ చేసేదే, మా అమ్మా పెట్టింది. రెండోవాడికి ఒకరోజు నీళ్ళు పోశాక మళ్ళీ పెట్టడం మరిచిపోయిందట, ఆ సాయంత్రమే జ్వరంతో ఒళ్ళు కాలిపోయిందట. నిజమెంతో నాకు తెలియదు గానీ అమ్మకి మాత్రం అదే నిజం. అందుకే నేను పుట్టాక, నీళ్ళకి పోని చుక్క కావాలని పచ్చబొట్లు పొడిచే ఆవిణ్ణి ఇంటికి పిలిపించి, నన్ను ఒళ్ళో అదిమి పట్టుకుని మరీ పొడిపించింది.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. ఆ చుక్క సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టి దాన్ని ఎవరూ చూసేవారు కాదు. అద్దంలో ముక్కునీ చెవులనీ చూసుకున్నట్టే నేనూ దాన్ని చూసుకునేదాన్ని. ముఖం మీద ఒకటి ఉందని, అది అందరికీ ఉండదని నాకు తెలిసింది నాందేడ్ వెళ్ళాకే.

తొంభైల చివర్లో ఫార్మసీ చదవడానికి వెళ్ళాను. నా మార్కులకి మన రాష్ట్రంలో సీటు రాలేదు, అక్కడ వచ్చింది. బాసర దాటేదాకా రైల్లో తెలుగే వినిపించింది, ఆ తరవాత తెలుగూ మరాఠీ కలిసిపోయాయి. ముద్ఖేడ్‌లో బండి ఆగినప్పుడు ఎక్కి ఎదురు సీటులో కూర్చున్న ఒకావిడ నన్ను చూసి, తన బుగ్గ తుడుచుకుంటూ సైగ చేసింది. మొహానికి ఏదో అంటుకుందేమోనని నేనూ తుడుచుకున్నాను. ఇంకా గట్టిగా అన్నట్టు మళ్ళీ సైగ చేసింది. బుగ్గ ఎర్రబడేదాకా రుద్దాక గానీ ఆవిడ దేన్ని తుడిచెయ్యమంటోందో నాకు వెలగలేదు. నాందేడ్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇత్వారా అనే పేటలో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో వెనక గది అద్దెకి దొరికింది. తాతల కాలం నుంచి అక్కడే ఉన్నవాళ్ళు. ఇంటి పెద్ద ఒక ముసలావిడ. కొడుకు బట్టల దుకాణంలో గుమాస్తా. కోడలిది భోకర్ దగ్గర పల్లె. సామాను దింపుతుండగానే ముసలావిడ నా గడ్డం పట్టుకుని, కొంగు కొస తడిచేసి బుగ్గ మీద రుద్దేసింది.

“మసి అంటింది బిడ్డా, రైలు మసి. ఆగు, తుడుస్త. ఏందిది, పోతలేదు?”

“పోదండీ మామ్మగారూ. అది పచ్చబొట్టు.”

“బుగ్గ మీదనా! నొసట పొడిపిచ్చుకుంటరు, చేతికి పొడిపిచ్చుకుంటరు. గిట్ల బుగ్గకెవ్వలన్న పొడిపిచ్చుకుంటరా?” అని కాసేపు నవ్వింది. “గారు గీరు నాకెందుకు గని, అవ్వా అను. అన్నం తిన్నవా?”

అవ్వ మంచిదే. నాకు జొన్నరొట్టె కొట్టడం రాదని తెలిసి రోజూ ఒకటి వేడివేడిగా పళ్ళెంలో పెట్టి కోడలి చేత పంపేది. నా తెలుగు విని ముచ్చటపడేది, సగం అర్థంకాక మళ్ళీ చెప్పించుకునేది. ఆవిడ తెలుగు నాకూ సగమే అర్థమయ్యేది. ఒకే భాష మాట్లాడుకుంటూ మధ్యలో హిందీ సాయం తెచ్చుకునేవాళ్ళం.

కాలేజీ మాత్రం అలా లేదు. మొదటి వారం ప్రతివాళ్ళూ కాటుక అంటిందని చెప్పారు. చెప్పడం మర్యాదే, తప్పు పట్టలేను. తరవాత అది పోయేది కాదని అందరికీ తెలిసిపోయింది. అక్కడ కూడా చంటిపిల్లలకి బుగ్గన చుక్క పెడతారు. అంత ఎత్తు మనిషి చంటిపిల్ల చుక్క పెట్టుకుని ల్యాబులోకి నడిచొస్తుంటే వాళ్ళకి నవ్వు రాక ఏమవుతుంది? నాకు ‘బాళ్’ అని పేరు పెట్టారు, అంటే పసిపాప. నేను తలుపు దాటగానే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు “బాళ్ ఆలం” అనేవారు. పాప వచ్చింది, అని. ఒకమ్మాయి చిటికెలు వేసేది. అందులో కసి ఏమీ లేదు. కసి ఉన్నా బాగుండేది, తిట్టడానికి నాకో మనిషి దొరికేది.

గదిలో అద్దం ముందు నిలబడి ఒక మరాఠీ వాక్యం నేర్చుకున్నాను. ఇది కాటుక కాదు, పచ్చబొట్టు, చిన్నప్పుడు మా అమ్మ పొడిపించింది, అని. తప్పుల్లేకుండా పలకడం వచ్చేసరికి ఎవరూ అడగడం లేదు. నవ్వడం కూడా మానేశారు. వాళ్ళవాళ్ళ జట్లు కుదిరిపోయాయి, అన్నం డబ్బాలు విప్పుకుని గుండ్రంగా కూర్చునేవారు. నేను చెంపకి చెయ్యి ఆనించుకుని కిటికీ పక్కన కూర్చునేదాన్ని. ఆ చెయ్యి అక్కడ పెట్టుకోవడం ఎప్పుడు అలవాటైందో తెలియదు. పంటినొప్పా అని ఒక మేడమ్ అడిగింది. అవునన్నాను. ఆ రోజు మొత్తం మీద నాతో ఎవరైనా మాట్లాడింది ఆ ఒక్క మాటే.

బజారులో పల్లెల నుంచి కూరలు తెచ్చే ముసలమ్మల నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు ఉండేవి. వాళ్ళ దగ్గర మాత్రం చెంప మీంచి చెయ్యి తీసేదాన్ని. కొన్నిసార్లు కూర అక్కర్లేకపోయినా వెళ్ళేదాన్ని.

దీపావళికి ఊరు వెళ్ళి వచ్చాక ఒక మధ్యాహ్నం అవ్వ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తుంటే సాయం కూర్చున్నాను. మనసు బాగుంది. మాట మీద మాట వచ్చి, ఇంతకీ ఆ బుగ్గ మీది చుక్క ఎందుకు పొడిపించారే అని అడిగింది. నాకు ముందు ఇద్దరు పోయారని, మూడోదాన్ని నేనని, నన్ను నిలబెట్టుకోవడానికి అమ్మ చేయించిందని చెప్పాను. నా కథ ఒకళ్ళు వింటున్నారన్న సంబరంలో ఆ ఇద్దరూ ఎన్నో నెలలో పోయారో, ఎలా పోయారో కూడా చెప్పాను. అవ్వ చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. ఆవిడ నన్ను చూడలేదు. వంటింటి గడపలో నిలబడ్డ కోడలిని చూసింది.

కోరికోరి కొరివితో తల గోక్కున్నానని నాకు మర్నాడు తెలిసింది. కోడలికి అప్పుడు అయిదో నెల. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు కాబట్టి నాకు తెలిసే వీలు లేదు. తెల్లారేసరికి నా గదికీ ఇంటికీ మధ్య తలుపు అటువైపు గడియ పడింది. జొన్నరొట్టె రాలేదు. కుళాయి దగ్గరికి బిందె తీసుకెళ్తే అవ్వ అడ్డం వచ్చి, “నువ్వు సందులున్న నల్లా కాడ పట్టుకో బిడ్డా” అంది. కోడలు స్నానానికి పోయే వేళకి నేను వాకిట్లో ఉండకూడదని నాకై నాకే అర్థమైంది.

నెల మధ్యలో అవ్వ స్వయంగా వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు.

“ఇంకో ఖోలీ చూసుకో బిడ్డా. నీ మీద నాకు కోపం లేదు, దేవుని మీద ఒట్టు. నువ్వేం జేసినవ్? నాకు బుగులైతాంది. పొద్దుగాల లేసి నా కోడలు నీ మొకం జూస్తే, గా ముచ్చట యాదికొస్తే… గీసారన్న నిలవాలె గదా.”

“మరి నేను బతికాను కదా అవ్వా” అన్నాను.

“నువ్వు బతికినవ్ తల్లీ. ముందటోళ్ళు బతకలే.”

ఇన్నేళ్ళూ ఆ చుక్కని నేను బతికినదానికి గుర్తుగానే చూశాను. అది ఇద్దరు పోయినదానికి కూడా గుర్తేనని ఆవిడ చెబితే గానీ నాకు తోచలేదు. తలుపు వేసుకుని ఏడ్చాను. ఆవిడ మీద కోపంతో కొంత, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదని కొంత.

చుక్క తీయించేసుకుందామని అప్పుడే నిశ్చయించుకున్నాను. చర్మం డాక్టరు చిన్నగా కోసి కుట్టేస్తాడని, గీతంత మచ్చ మిగులుతుందని పంటినొప్పి అడిగిన మేడమే చెప్పింది. ఆదివారం ఎస్టీడీ బూతుకి వెళ్ళి మా ఊళ్ళో పక్కింటివాళ్ళకి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను. గది ఖాళీ చేయమన్న సంగతి చెప్పలేదు. చుక్క తీయించుకుంటానని మాత్రం చెప్పాను.

ఎదురుగా మీటరు తిరుగుతోంది.

“నొప్పి పెడుతుందేమోనే” అంది అమ్మ.

“మత్తు ఇస్తారమ్మా.”

“మొహం నీది, నీ ఇష్టం. నలుగురిలో తిరిగేదానివి. కానీ తీయించుకున్నాక నాకు చెప్పకు. ఉందనే అనుకుంటాను.”

“సెలవులకి వస్తే కనిపించదా?”

“అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాంలే” అని పెట్టేసింది.

ఖాళీ చేసే ముందు రోజు మధ్యాహ్నం, అవ్వ పోచమ్మ గుడికి వెళ్ళింది. నేను గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్నాను. మధ్య తలుపు గడియ తీసిన చప్పుడైంది. చూస్తే కోడలు. అయిదు నెలల్లో ఆమె నాతో రొట్టె ఇచ్చేటప్పుడు “తిను” అన్నది తప్ప వేరే మాట లేదు. తలుపు దగ్గరే నిలబడింది.

“చెల్లె, మీ అమ్మ నీకు ఎన్నో నెలల పొడిపిచ్చింది?”

“ఆరో నెలలోనట వదినా.”

“ఎడమ బుగ్గకేనా పొడిపియ్యాలె?”

“నాకు తెలీదు వదినా. మా అమ్మ ఎడమ వైపు పెట్టించింది.”

“మస్తు ఏడ్చినవా?”

“ఏడ్చే ఉంటాను.”

లోపలికి వచ్చింది. ఇంట్లో ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి వెనక్కి చూసుకుంది. చెయ్యి చాచి నా బుగ్గ మీది చుక్కని వేలితో తాకింది. గట్టిగా కాదు, వేడిగా ఉందేమోనని గిన్నె అంచుని తాకినట్టు తాకింది. అదే వేలు తీసుకెళ్ళి తన కడుపు మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. ఏ దేవుడికి చెప్పుకుందో వినపడలేదు.

ఆ ఊరు వచ్చాక నా మొహాన్ని తుడవడానికి కాకుండా ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

“తీయిపిచ్చుకుంటవంట? ఫోన్ల అన్నవని బూతాయన మా ఆయనతోటి అన్నడట” అంది. “నాకు తొమ్మిది నెల్లు నిండేదాంక ఉంచుకో చెల్లె. అటెనుక నీ ఇష్టం.”

ఉంచుకుంటానని తల ఊపాను. ఆమె వెళ్ళి మళ్ళీ గడియ పెట్టుకుంది. గడియ శబ్దం రాకుండా మెల్లగా పెట్టింది.

ఊరికి అటు చివర ఇంకో గది దొరికింది. ఇంటివాళ్ళు మరాఠీవాళ్ళు, పై అంతస్తులో ఉండేవారు, అద్దె తీసుకునేటప్పుడు తప్ప కనిపించేవారు కాదు. డాక్టరు దగ్గరికి పోలేదు. అమ్మ నమ్మకం నాది కాదని అమ్మని ఎన్నిసార్లు వెక్కిరించానో. ఇప్పుడు బుగ్గ మీద ఒకటి కాదు, ఇద్దరు తల్లుల నమ్మకం మోస్తున్నాను. అద్దంలో చూసుకుంటే విసుగొచ్చేది, ముఖం కడుక్కునేటప్పుడు మాత్రం అక్కడ గట్టిగా రుద్దేదాన్ని కాదు. కాలేజీలో అదే కిటికీ, అదే బెంచీ.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ఇత్వారా బజారులో అవ్వ కనిపించింది. వంకాయలు ఏరుతోంది. లెక్క ప్రకారం కాన్పు అయిపోయి ఉండాలి. నా చెయ్యి అలవాటుగా చెంప మీదికి పోయింది. తీసేశాను. చూడనీ, ఉంచానని ఇంట్లో చెప్పనీ అనుకున్నాను. అవ్వ తలెత్తింది. నా కళ్ళలోకి చూడలేదు, బుగ్గనే చూసింది. చూసి, కొంగు తల మీదికి లాక్కుని పక్క బండి వైపు తిరిగిపోయింది.

బిడ్డ ఉన్న ఇంటి ముసలమ్మ మొహమో, లేని ఇంటి ముసలమ్మ మొహమో ఆ ఒక్క చూపులో నాకు తెలియలేదు. దగ్గరికి పోయి అడగొచ్చు. కానీ బతికిందంటే, నేను ఆ ఇల్లు వదిలిపోబట్టి బతికిందంటుంది. పోయిందంటే, నేను ఆ ఇంట్లో ఉండబట్టి పోయిందంటుంది. వదిన ఇంకో మాట చెప్పగలదేమో, కానీ వదిన ఆ గడియకి అవతల ఉంది. వంకాయల బండి అవతల అవ్వ వీపు చూస్తూ నిలబడ్డాను, ఎవరో బుట్టతో నెట్టుకుని పోయేదాకా.

ఏమీ కొనకుండా ఇంకో సందులోంచి గదికి వెళ్ళిపోయాను. స్టవ్ వెలిగించి నా ఒక్కదానికీ అన్నం పడేశాను. అది ఉడుకుతున్నంతసేపూ, ఏ దేవుళ్ళనైతే అమ్మ ముందు ఎగతాళి చేసేదాన్నో ఆ దేవుళ్ళకే, ఆ బిడ్డ బతికి ఉండాలని మొక్కుకున్నాను.