కుందేలుకి పురిటి నీళ్ళు

అరవైల్లో మాట. మొదటి కాన్పుకు రేపల్లె నుంచి తెనాలి పుట్టింటికి వచ్చిన అక్కకు మగపిల్లవాడు పుట్టి, పురిటి స్నానమైనా కాకముందే పోయాడు. అక్క మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే కెలికి వదిలేసేది. పాలు ఆరిపోవడానికి అమ్మ రోజూ మల్లెపూలు ఆమె గుండెలకు కట్టేది. ఆ వాసన నాకిప్పటికీ గిట్టదు. అక్కయినా మాకు దక్కుతుందా అన్న భయం తప్ప ఇంట్లో ఇంకో ఆలోచన లేదు.

బాపట్ల మామయ్య బుట్టలో తెల్ల కుందేలును తెచ్చాడు. చూలుతో ఉంది. చెక్కపెట్టెకు ఇనుప వల కొట్టి గూడు చేశాడు.

"గరికా, పిల్లిపెసరా తడారాక వెయ్యమ్మాయ్. గూడు పొడిగా ఉండాలి. నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, బెదిరి చస్తుంది. ఒళ్ళు అదే నాక్కుంటుంది."

అక్క తలైనా ఊపలేదు. బిడ్డ పోయినదానికి కుందేలును తెచ్చిస్తాడేంటని నాకు ఒళ్ళు మండింది.

కానీ మర్నాటి నుంచి గరిక ఏరింది అక్కే. ఈనే ముందు ఆ కుందేలు తన పొట్టమీది బొచ్చు తానే పీక్కుని గూట్లో పరుస్తోంది. "అమ్మా, ఇటు రావే! పిల్లలకి పక్క వేసుకుంటోంది!" అని అక్క కేకపెట్టింది. అమ్మ పొయ్యి వదిలేసి పరుగెత్తింది, కుందేలును చూడటానికి కాదు. ఆ పూట అక్క మారన్నం అడిగి పెట్టించుకుంది.

కుందేలు ఈనిన పదకొండో రోజున అక్క వేణ్ణీళ్ళు పెట్టి, పసుపు కలిపింది.

"దీనికి పురిటి నీళ్ళు పోస్తానే."

"బాలింత కాయం కూడా తినిపిస్తావేంటి?" అంది అమ్మ.

అక్క నవ్వింది. మామయ్య మాట మా అందరికీ గుర్తుంది. ఆ నవ్వు చూశాక ఎవరికీ నోరు రాలేదు. "బాలింతని మైలతో ఎన్నాళ్ళుంచుతాం, పొయ్యనీ" అంటూ నాన్నమ్మే చెంబు అందించింది. కుందేలు గింజుకుంది, తరవాత వణికింది. తుడిచి, సాంబ్రాణి పొగ వేసినా వణుకు తగ్గలేదు. సాయంత్రానికి కాళ్ళు చాపేసింది.

అప్పుడే కళ్ళు తెరుస్తున్న పిల్లలు ఆకలితో మెదులుతుంటే, అక్క మల్లెపూలు విప్పి పారేసింది. ఇంకా ఆరని తన పాలలో దూది వత్తి ముంచి ఒక్కోదాని నోటికి అందించింది. అవీ నిలవలేదు.

పెరట్లో నాన్న గొయ్యి తీస్తుంటే అక్క వాటిని చీర చెంగులో తెచ్చింది.

"తల్లి పక్కనే పెట్టండి నాన్నా. నా బిడ్డని ఒక్కణ్ణే పెట్టారు."

నాన్న పార వదిలేసి ఆ మట్టిమీదే కూలబడ్డాడు.