బూట్లకి పురికొస

నలభై ఏళ్ళు నిండటానికి ఇంకా నెలా పదిరోజులు ఉందనగా నేను లారీ నేర్చుకోవడానికి వెళ్ళాను. సరదా పుట్టి వెళ్ళలేదు. జగ్గయ్యపేటలో మా తాత పెట్టి, మా నాన్న పెంచిన కిరాణా కొట్టు నా చేతుల్లో మూతపడింది. ఎందుకు మూతపడిందంటే తలా ఒక కారణం చెబుతారు. ఫోన్లో నొక్కితే పప్పూ ఉప్పూ గుమ్మంలోకి వస్తుంటే నా దగ్గరికి ఎవరొస్తారని నేనంటాను. వాళ్ళ నాన్న ఉంటే మూతపడేది కాదని మా బంధువులంటారు. ఆ మాట వినీ వినీ పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను తిరగని చోటు లేదు. ఎక్కడికి వెళ్ళినా కుర్రాళ్ళు కావాలన్నారు. ఒక బట్టల షాపులో నాలుగు నెలలు నిలబడ్డాను. మా కొట్టుకి వచ్చే ఆడవాళ్ళే అక్కడికీ వచ్చేవాళ్ళు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, చూడనట్టుగా పక్కకి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు ఓనరుతో మాటా మాటా పెరిగి వచ్చేశాను. నా కోపం నాకెప్పుడూ అచ్చిరాలేదు.

అప్పుడు తెలిసింది, సిమెంటు తోలే ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ తన ఖర్చుతో డ్రైవర్లని తయారు చేసుకుంటోందని. నందిగామ దాటాక హైవే పక్కన వాళ్ళ యార్డు. నెలరోజులు నేర్పిస్తారు. మధ్యాహ్నం భోజనం పెడతారు, యూనిఫారం, బూట్లు ఇస్తారు, లైసెన్సు పనీ వాళ్ళే చూసుకుంటారు. చివర్లో ఒక పరీక్ష. పాసైతే ఉద్యోగం, తప్పితే ఇంటికి. నలభై దాటినవాళ్ళని తీసుకోరు. మళ్ళీ బ్యాచి మూడు నెలల తర్వాత. అంటే నాకు మొదటిదీ ఇదే, ఆఖరిదీ ఇదే.

ఇంట్లో చెబితే మా ఆవిడ బస్సు ఛార్జీ ఎంతవుతుందని అడిగింది. అమ్మ మాత్రం, "మన ఇంటా వంటా లేని పనిరా అది" అంది.

"ఇలాగే కూర్చుంటే కొన్నాళ్ళకి ఇంట్లో వంటే ఉండదు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మా బ్యాచిలో నేనే పెద్దవాణ్ణి. మిగతా వాళ్ళంతా వత్సవాయి వైపు నుంచీ, చెవిటికల్లు వైపు నుంచీ వచ్చినవాళ్ళు. ట్రాక్టరు తోలిన చేతులు వాళ్ళవి. నేర్పే ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం. ఆయన కోదాడ వైపు మనిషి. ముప్పై ఏళ్ళు లారీ తోలి, మోకాళ్ళు పాడై ఈ పనికి వచ్చాడు. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "ఏం సేటూ, దారి తప్పొచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నెలంతా నేను నవ్విన నవ్వులు దాదాపు అన్నీ అలాంటివే.

బండి పన్నెండు టైర్లది. ఎక్కి కూర్చుంటే మేడ మీద కూర్చున్నట్టుంది. నాకు అద్దాలు అర్థమయ్యాయి, స్టీరింగు అర్థమైంది, క్లచ్చు మాత్రం అర్థం కాలేదు. కంపెనీ ఇచ్చిన బూట్లకి ముందువైపు ఇనపరేకు, అడుగున వేలెడు మందం. క్లచ్చు ఎంత వదిలానో పాదానికి తెలిసేది కాదు. వదిలితే బండి ఎగిరి ఆగిపోయేది. వెనక్కి వెళ్ళమంటే పక్కన పెట్టిన డ్రమ్ములని పడగొట్టేవాణ్ణి. మొదటి వారం రోజుకో డ్రమ్ము పడగొట్టాను. సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే మునేరు వంతెన మీద తల లోపలికి తిప్పుకునేవాణ్ణి. ఆ రోజుల్లో నీళ్ళని చూడటానికి నాకు భయమేసేది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ మా కొట్టు పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో చాలామంది దుకాణాల్లో ఉండేదే. గల్లాపెట్టె ఉన్న చోటు లక్ష్మీదేవి కూర్చునే చోటు, అక్కడికి ఎవరూ చెప్పులతో రాకూడదు. మెట్టు దగ్గర చెప్పులు విడిచి, జతగా పెట్టి, గడపకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళాలి. నాకు ఆరేళ్ళప్పుడు నాన్న నేర్పాడు. అప్పటినుంచీ రోజూ అదే చేశాను. ఒంటికాలి మీద నిలబడకుండా, వంగకుండా, ఎవరితోనో మాట్లాడుతూనే చెప్పులు విడిచేసేవాణ్ణి. పొద్దుణ్ణుంచి రాత్రి దాకా ఉత్త కాళ్ళతోనే ఉండేవాణ్ణి.

రెండో వారంలో మాస్టారు నా అవస్థ చూడలేక, "ఆ బూట్లు ఇడిచిపెట్టి ఎక్కు సేటూ. నేను ముప్పై ఏండ్లు ఉత్త కాళ్ళతోనే తోలిన" అన్నాడు. విడిచాను. అంతే, క్లచ్చు నా పాదానికి చిక్కింది. ఎక్కడ పట్టు దొరుకుతుందో, ఎక్కడ వదలాలో అరికాలికి తెలిసిపోయింది. నాలుగు రోజుల్లో డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్ళాను. కీసర దాకా హైవే మీద తోలి తిరిగి తెచ్చాను. బండి దిగి ఏడ్చినంత పనిచేశాను.

"పరీక్ష నాడు మాత్రం బూట్లు తప్పవు, యాదుంచుకో" అన్నాడు మాస్టారు. చివరి వారమంతా బూట్లతోనే తోలాను. బాగా రాలేదు గానీ వచ్చింది. డ్రమ్ములు పడలేదు. అది చాలనుకున్నాను.

పరీక్ష శుక్రవారం. సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, చేతిలో అట్ట, కాగితాలు. నా పేరు పిలిచారు. బండి వైపు నడిచాను. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు, అమ్మ, మా ఆవిడ, ఏడో తరగతి చదివే అమ్మాయి, నా ఫోను కోసం కూర్చుని ఉంటారని ఒకటే ఆలోచన. బండి ఎక్కాను. తలుపు వేసుకున్నాను. స్టార్టు చేశాను.

అంత బాగా నేను అంతకుముందెప్పుడూ తోలలేదు. బండి చెప్పినట్టు విన్నది. వెనక్కి వెళ్ళేటప్పుడు రెండువైపులా డ్రమ్ములకి జానెడేసి సందు, ఒక్కటి కూడా కదల్లేదు. గీత మీద ఆపి, ఇంజను ఆపి, ఇక బతికాం అనుకుంటూ కిందికి దిగాను. అరికాళ్ళకి కంకర గుచ్చుకుంది.

నా బూట్లు అక్కడ, బండి బయల్దేరిన చోట ఉన్నాయి. జతగా, మడమలు కలిపి, లేసులు లోపలికి దోపి, నీటుగా ఉన్నాయి. ఎప్పుడు విప్పానో నాకు తెలియదు. మెట్టుకి చెయ్యి తాకించి కళ్ళకి అద్దుకున్నానని కూడా పక్కవాళ్ళు చెప్పారు, పరీక్షలో ఎవరూ మాట అందించకూడదని ఊరుకున్నారట. అదీ నాకు గుర్తు లేదు. సేఫ్టీ ఆఫీసరు వాటి పక్కనే నిలబడి ఫోన్లో ఫొటో తీస్తున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ.

"ఫెయిల్ అండి" అన్నాడు ఆఫీసరు. తిట్టలేదు, గట్టిగా కూడా అనలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి సిగ్గుగానే ఉంది. నాకంటే పదేళ్ళు చిన్నవాడి రెండు చేతులూ పట్టుకున్నాను. "వారం పోతే నాకు నలభై నిండుతాయండి, ఇంకెక్కడా తీసుకోరండి, కొట్టు పోయిందండి, ఇంట్లో చిన్నపిల్ల ఉందండి" అని ఏదేదో అన్నాను. బేరమాడేవాళ్ళని జీవితమంతా విసుక్కున్న మనిషిని, నా బతుక్కి నేను బేరమాడాను. ఆయన చేతులు విడిపించుకుని, "రూలు నేను పెట్టలేదండి" అన్నాడు.

మాస్టారు ముందుకొచ్చాడు. "బండి ఎట్ల తోలిండో మీరు కూడ చూసిన్రు కద సారూ. ఒక్క అవకాశం ఇయ్యుండ్రి."

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. ఆ రోజు రాని ఇద్దరికి సోమవారం పరీక్ష ఉందట. వాళ్ళతో రమ్మన్నాడు. "మళ్ళీ బూట్లు కింద కనిపిస్తే మాత్రం నన్నేం అడగొద్దండి" అన్నాడు.

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. అమ్మకి చెప్పలేదు. శని, ఆదివారాలు వెనక వసారాలో బూట్లు వేసుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఎదురుగా మూడు ఇటుకలు పెట్టుకుని, క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు అనుకుంటూ తొక్కాను. నాకు తొక్కడం గురించి భయం లేదు. నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది. నాకు తెలియకుండా నా బతుకుని విప్పి కింద పెట్టిన చెయ్యి అది, సోమవారం మళ్ళీ పెట్టదని నమ్మకమేమిటి? ఆదివారం మధ్యాహ్నం లేచి బూట్లతోనే పక్క సందులోంచి వీధి గుమ్మం దాకా వెళ్ళి లోపలికి వచ్చి చూసుకుంటే బూట్లు గడప అవతల ఉన్నాయి. జతగా ఉన్నాయి. అక్కడే గడప మీద కూలబడి తల గోడకేసి కొట్టుకున్నాను.

అమ్మ చూసింది. ఇక దాచలేదు. అంతా చెప్పాను. "నాన్న నేర్పిన పద్ధతే నా కొంప ముంచుతోందమ్మా" అని అరిచాను. ఆవిడ మీద అరవాల్సిన మాట కాదది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

సోమవారం పొద్దున్నే బయల్దేరుతుంటే, "బూట్లు ఇక్కడ వేసుకో" అంది అమ్మ. చూపించింది హాల్లో, దేవుడి గూటికి ఎదురుగా. మా ఇంట్లో చెప్పులు గడప దాటగా నేనెప్పుడూ చూడలేదు.

"ఇక్కడా?"

"ఇక్కడే. కూర్చో."

వేసుకున్నాను. ఆవిడ కింద కూర్చుంది. చీర కుచ్చిళ్ళ చాటునుంచి పురికొస ఉండ తీసింది. మా కొట్లో పైన దూలానికి వేలాడుతుండేది, పొట్లాలు కట్టే పురికొస. సామాను అమ్మేసినప్పుడు అదొక్కటీ ఎప్పుడు దాచుకుందో నాకు తెలియదు. మధ్యాహ్నాలు నాన్న భోజనానికి వెళ్ళినప్పుడు ఆవిడే కూర్చుని పొట్లాలు కట్టేది. ఆవిడ వేసిన ముడి విప్పడానికి రాదు, కోసుకోవాల్సిందే. కొనుక్కున్నవాళ్ళు నవ్వుతూ తిట్టుకునేవాళ్ళు.

నా బూటు పట్టుకుంది. కాలు వెనక్కి లాక్కున్నాను. "నువ్వు నా కాళ్ళు ముట్టుకోకూడదమ్మా, ఆయుక్షీణం."

"నీ ఆయుష్షు సంగతి నేను చూసుకుంటాలే, కాలు ఇటివ్వు" అంది. మడమ కింద నుంచి, చీలమండ చుట్టూ, లేసుల మీదుగా రెండు చుట్లు తిప్పి బిగించింది. పళ్ళతో కొరికి తెంపింది. రెండోదీ అలాగే కట్టింది. "ఇప్పుడు విప్పు, చూస్తా" అంది.

విప్పడానికి చూశాను. రాలేదు.

యార్డులో పేరు పిలిచారు. బండి మెట్టు దగ్గరికి వెళ్ళగానే నా చెయ్యి దానంతటది కిందికి పోయింది. ఈసారి పోవడం నాకు తెలిసింది, వేళ్ళకి పురికొస తగిలింది కాబట్టి. ముడి మీద వేళ్ళు పెట్టి ఒక్క క్షణం ఆగి, బండి ఎక్కాను. శుక్రవారం తోలినంత బాగా తోలలేదు. ఒకసారి ఇంజను ఆగిపోయింది. ఒక డ్రమ్ముకి తగిలింది గానీ అది పడలేదు. దిగాక ఆఫీసరు ముందు నా కాళ్ళ వంక చూశాడు, తర్వాత కాగితం మీద టిక్కు పెట్టాడు. పురికొస ఏమిటని అడగలేదు.

ఉద్యోగం వచ్చింది. జగ్గయ్యపేట దగ్గర ఫ్యాక్టరీలో సిమెంటు ఎక్కించుకుని విజయవాడ వైపు తోలేవాణ్ణి. రోజూ పొద్దున అమ్మ పురికొసతో వచ్చి కింద కూర్చునేది, ఇంటికి రాగానే బ్లేడుతో కోసేది. రోజూ బండి దగ్గర నా చెయ్యి కిందికి పోయేది, ముడి తగిలి ఆగేది.

మూడు నెలలు అయ్యాయేమో. ఒకరోజు కీసర దాటాక టోలు దగ్గర బండి వరసలో ఆగి ఉంది. ఏమీ తోచక కాళ్ళ వంక చూసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పొద్దున నా చెయ్యి కిందికి పోలేదు. ముందురోజూ పోలేదు. అంతకుముందు సంగతి ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు. మా కొట్టు షట్టర్ దించిన రోజు నేను ఏడవలేదు. ఆ రోజు వెనక బండివాడు హారను కొడుతున్నా ముందుకి కదల్లేక స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. నాన్న నేర్పింది నాలోంచి వెళ్ళిపోయింది, వెళ్ళేటప్పుడు నాకు చెప్పనైనా లేదు.

ఇంటికి వెళ్ళాక అమ్మకి చెప్పలేదు. మర్నాడు పొద్దున ఆవిడ పురికొస పట్టుకుని వచ్చి కింద కూర్చుంది. కాలు చాపాను.