మోకాలిచిప్ప కింద మెత్తని చోటు

నా చిన్నప్పుడు మేం అమీర్‌పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా నాయన సినిమా సెట్లు కట్టే వడ్రంగి. ఒకరోజు కృష్ణానగర్ వైపు పనిలో నిచ్చెన దిగుతూ మెట్టు తప్పాడు. పడకుండా కుడికాలి మీద ఆగబోతే మోకాలిలో ఏదో టప్పుమందట. ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉంది, బెణికిందంతే అని కట్టు కట్టి పంపారు.

వారమైనా ఆయన మంచం దిగలేదు. "ఎముక ఇరగలే గదా, పనికి పోబుద్ధిగాక నాటకాలు" అని మా మేనమామ అమ్మతో అనడం విన్నాను. తొమ్మిదేళ్లదాన్ని, నమ్మేశాను. ఆ సాయంత్రం నాయన నీళ్లడిగితే, చెంబు గుమ్మం దగ్గర పెట్టి "నువ్వే వచ్చి తాగు" అన్నాను. ఆయన గోడ పట్టుకుని లేచి రెండడుగులు వేశాడు. మోకాలు ఒక్కసారిగా మడతపడి కూలిపోయాడు.

చప్పుడు విని పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. వాళ్లది భీమవరం. పంజాగుట్టలో ఓ ఆసుపత్రిలో రోగుల చేత వ్యాయామాలు చేయించే ఉద్యోగం ఆమెది. నాయనను మంచం మీద పడుకోబెట్టాక, "బాబాయ్ గారూ, మోకాలు మడవకుండా కాలు పైకి లేపండి" అంది.

"లేస్తలేదు బిడ్డా. మస్తు జోర్ పెడుతున్న."

తొడ వణుకుతోంది గానీ మడమ పరుపును వదలడం లేదు.

అక్క నా వేలు పట్టుకుని ముందు ఎడమ మోకాలిచిప్ప కింద ఆనించింది. బిగించిన తాడులా గట్టిగా తగిలింది. కుడివైపు మాత్రం వేలు మెత్తగా లోపలికి దిగింది. "ఇక్కడ టెండన్, అంటే మోకాలిచిప్పను కింది ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది, తెగినట్టుంది. అది తెగితే ఎంత బలమున్నా కాలు లేవదమ్మా. రేపే పెద్ద డాక్టరు గారికి చూపిద్దాం. ఆలస్యమైతే కుట్టడం కష్టం" అంది.

నేను ఏడుస్తూ చెంబు సంగతి చెప్పేశాను. నాయన నా తల నిమిరాడు. "పోనీ తియ్ బిడ్డా. నాకే సమజ్ కాలే, నీకేం ఎర్క."

పెద్ద డాక్టరూ తడిమి చూసి అదే చెప్పారు. ఆపరేషనయ్యాక అక్క నెలల తరబడి రోజూ వచ్చి వ్యాయామం చేయించింది. కాలు జానెడు లేచిననాడు అమ్మ వీధిలో అందరికీ చెప్పుకొచ్చింది. ఏడాది తిరిగేలోపు నాయన మళ్లీ పనిలోకి వెళ్లాడు.

తర్వాత నేను ఎస్.ఆర్. నగర్‌లో ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. "నాకు రాదు టీచర్" అన్నవాళ్లను బద్ధకమని ఏనాడూ అనలేదు. పక్కన కూర్చుని, ఎక్కడిదాకా వస్తుందో చేసి చూపించమనేదాన్ని. ఎక్కడ ఆగిపోయారో తెలిశాక, చాలామంది అక్కడి నుంచి ముందుకే వెళ్లారు.