సాంచా ఆడితేనే నిద్ర

సిరిసిల్ల నేతవాడలో ఏ ఇంటి పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినా సరోజన దగ్గరికే తెచ్చేవారు. కండెలు చుట్టి చుట్టి గరుకెక్కిన చేత్తో ఆమె వీపు నిమిరితే చాలు, ఏడుపు దిగిపోయేది. ఆ పేరు ఆమెకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి. పిల్లల పెంపకం మీద ఎవరు నోరు విప్పినా అడ్డం తగిలేది.

కొడుకు వేణుకు ఆడపిల్ల పుట్టాక ఆ గొప్పలకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. వాళ్లది రేకుల ఇల్లు. నాలుగు సాంచాలు, వాటి పక్కనే పైకప్పు గొట్టానికి కట్టిన ఉయ్యాల తొట్టె. ఆ మరమగ్గాలు ఇల్లదిరేలా ఆడుతుంటే పిల్ల హాయిగా నిద్రపోయేది. చూడవచ్చిన చుట్టాలు చెవులు మూసుకునేవారు. పిల్ల ఉలిక్కిపడేది కూడా కాదు.

"పిలిస్తె తిరిగి చూస్తలేదు అత్తమ్మా. ఒక్కసారి దవాఖాన్ల చూపిద్దాం" అంది కోడలు అనురాధ, నాలుగో నెలలో.

"సాంచాల నడుమ పుట్టిన పిల్ల, గీ సప్పుళ్లకు బెదురుతదా? నాకంటె ఎక్వ ఎరుకనా నీకు?" అని సరోజన ఆమె నోరు మూయించింది. అనురాధ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పిల్లకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఆర్డర్లు ఆగిపోయాయి. సాంచాలు నిలిచిపోయాయి. ఆ రోజే పిల్ల ఏడుపు అందుకుంది. సరోజన జోలపాడింది, గిలక్కాయ ఆడించింది, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఏదీ పనిచేయలేదు. వాడకట్టు పిల్లలందరినీ ఊరుకోబెట్టిన మనిషికి మొదట సిగ్గేసింది. ఏడ్చి ఏడ్చి పిల్ల పాలు ముట్టడం మానేసేసరికి భయమేసింది.

"దానికి సప్పుడు అలవాటైంది. ఒక సాంచా ఉత్తగనే నడిపిస్త" అన్నాడు వేణు ఓ సాయంత్రం. పోగు ఎక్కించని సాంచాకు స్విచ్చి వేశాడు.

దాని పక్కనే నేలమీద బొంత పరిచి పిల్లను పడుకోబెట్టారు. ఏడుపు ఆగిపోయింది. ప్రాణం లేచివచ్చి సరోజన మనుమరాలిని ఎత్తుకుంది. వెంటనే మళ్లీ ఏడుపు. పడుకోబెడితే ఆగింది. ఈసారి జానెడే పైకి ఎత్తి చూసింది. ఏడుపు. సాంచా మాత్రం అదే హోరుతో ఆడుతూనే ఉంది.

సరోజన అరచెయ్యి నేలకు ఆనించింది. నేల అదురుతోంది. ఇన్నాళ్లూ గొట్టం మీదుగా తొట్టెకు పాకి పిల్లను నిద్రపుచ్చింది చప్పుడు కాదు, ఈ అదురు. వంగి, పిల్ల చెవి దగ్గర ఉన్న బలమంతా పెట్టి "బిడ్డా" అని అరిచింది. రేకులకేసి చూస్తున్న ఆ కళ్లు కదలలేదు.

గుమ్మంలో నిలబడ్డ అనురాధ ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది. సాంచా ఆడేచోట మాట వినపడదు, అక్కడివాళ్లంతా చేతులతోనే చెప్పుకుంటారు. సరోజన పిల్లను చూపించి, తన చెవి ముట్టుకుని, అరచెయ్యి అడ్డంగా ఊపింది.

అనురాధ వచ్చి పిల్ల పక్కన బొంత మీద కూర్చుంది. నేనప్పుడే చెప్పలేదా అని అత్తను అడగలేదు. అడగనందుకే సరోజన కోడలి ముఖంలోకి చూడలేకపోయింది.