నాయన గుండెమంట, మా డాక్టరు గారు

మా ఊరి డాక్టరు గారు పోయారు. ఆదివారం ప్రార్థనకని శనివారం కావలి వెళ్లినవారు, చెల్లెలి ఇంట్లో తెల్లవారేసరికి కన్నుమూశారు. సోమవారం మొదటి బస్సు కండక్టరు ఆ కబురు తెచ్చాడు. నేను బడిలో రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. బస్సు చుట్టూ జనం మూగడం కిటికీలోంచి చూసి బయటికి వెళ్లాను. మా నాయన అప్పటికే అక్కడున్నాడు. కండక్టరును ఒకే మాట మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. "ఏ డాక్టరబ్బయా? మన డాక్టరేనా?"

మా నాయన ఈనాడు బతికి ఉన్నాడంటే ఆయన చలవే. ఆ సంగతి చెప్పాలంటే నాయన తన చావు కోసం ఎదురుచూసిన రోజుల నుంచి మొదలుపెట్టాలి.

అల్లూరికి తూర్పున, సముద్రం ఒడ్డున, మాది చేపలు పట్టే పల్లె. వీశెలు పోయి కిలోలు వస్తున్న రోజులవి. మా పెదనాయన ఒకనాడు వల లాగుతూ, రొమ్ము పట్టుకొని పడవలోనే కూలిపోయాడు. ఏడాది తిరగకముందే మా నాయనకు రొమ్ములో మంట మొదలైంది. అన్నం తిని నడుం వాల్చగానే కడుపులోంచి గొంతుదాకా నిప్పు పాకినట్టుండేది. నోట్లోకి పుల్లటి నీళ్లు వచ్చేవి. అన్నకు వచ్చిందే తనకూ వచ్చిందని నిశ్చయించుకొని వేటకు వెళ్లడం మానేశాడు. నెల రోజులు మా పడవ ఇసుకలోనే ఉండిపోయింది. "నేను పోయినా బిడ్డ చదువు మాన్పించబాకమే" అని అమ్మకు అప్పగింతలు పెట్టేవాడు. నేనప్పుడు అల్లూరు హైస్కూల్లో చదువుతున్నాను.

సరిగ్గా అప్పుడే మా ఊళ్లో రెండు గదుల ఆస్పత్రి పెట్టి, ఎల్.ఎం.పి. చదివిన ఈ డాక్టరు గారిని వేశారు. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, ఆస్పత్రిలోనే ఒక గదిలో ఉండేవారు. సైకిలు తొక్కుతూ సన్నగా కీర్తనలు పాడుకునేవారు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు ఆయాసంతో పాట ఆగిపోయేది. దిగేటప్పుడు ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకునేవారు.

అమ్మ నాయనను బలవంతాన ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఆయన గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. నాడి చూశారు. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టారు.

"ఎప్పుడొస్తుందన్నా ఈ మంట?"

"తిని పండుకుంటే సామీ."

"నడిస్తే? బరువెత్తితే?"

"ఇప్పుడు యాడ ఎత్తుతుండా? పని ముట్టుకొని నెలయింది."

"అయితే పద, నడుద్దాం."

నాయన మణికట్టు పట్టుకొని సముద్రం దాకా ఇసుకలో నడిపించారు. మధ్యమధ్య ఆగి "ఇప్పుడుందా?" అని అడిగారు. లేదన్నాడు నాయన. కొంచెం జోరుగా నడిపించారు. అప్పుడూ లేదన్నాడు. పల్లెలో పిల్లా పెద్దా పనులాపి ఈ వింత చూశారు. తిరిగొచ్చాక ఆస్పత్రి మెట్ల మీద నాయన పక్కనే కూర్చొని చెప్పారు.

"గుండె వెనకనే అన్నం దిగే గొట్టం పోతుందన్నా. రెండిళ్లకీ గోడ ఒకటే. ఒక ఇంట్లో పొగ లేస్తే పక్కింటోళ్లు దగ్గుతారు. నీ కడుపులో పులుపు పైకి ఎగదన్నతా ఉంది. నువ్వేమో గుండె అనుకొని బెదిరిపోతుండావు."

మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టమన్నారు. పొద్దుండగానే తినమన్నారు. తినగానే పడుకోవద్దన్నారు. పొగాకు మాన్పించి, సుద్దనీళ్లలాంటి తెల్లమందు ఇచ్చారు. ఇరవై రోజులకు మా పడవ నీళ్లలోకి దిగింది. ఆ వేటలో పడ్డ వంజరంతో అమ్మ పులుసు కాచి ఆస్పత్రికి తీసుకెళ్తే, ఆయన రెండుసార్లు వేయించుకొని తిన్నారు. "మమ్మల్ని పులుపు తినొద్దని, మీరు తింటారేంది అయ్యా?" అంది అమ్మ. "నా గొట్టంతో నేను మాట్లాడుకుంటాలే అక్కా" అన్నారు, వేళ్లు నాకుతూ.

రెండేళ్లకు ఆయన చేతిలో ఒక తప్పు జరిగింది. ఆయన ఎంత పెద్ద మనిషో నాకు తెలిసింది అప్పుడే. కలరా సూదుల హడావిడిలో ఉన్న రోజున, ఉప్పుమడుల్లో మేస్త్రీగా పనిచేసే ఒకాయన రొమ్ము మంట అంటూ వచ్చాడు. బయట జనం బారులు తీరి ఉన్నారు. డాక్టరు గారు గొట్టం పెట్టి విని, తెల్లమందిచ్చి పంపేశారు. బరువెత్తితే వస్తుందా అని అడగలేదు. నడిపించి చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆ మేస్త్రీ ఉప్పుగంప ఎత్తుతూ కూలబడి ప్రాణం విడిచాడు.

డాక్టరు గారిని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆయనే సైకిలు తీసి ఆ ఇంటికి బయల్దేరారు. దారి తెలిసిన మా నాయనను తోడు రమ్మన్నారు. అక్కడ జరిగింది నాయన చెప్పగా విన్నాను.

డాక్టరు గారు వాకిట్లో చెప్పులు విడిచి మేస్త్రీ భార్య ముందు నిలబడ్డారట. "అమ్మా, నీ ఇంటాయనకు కడుపులో పులుపని చెప్పి పంపినాను. అది గుండెనొప్పి. అడగాల్సింది నేను అడగలేదు. పొరపాటు నాది" అన్నారట. చచ్చిపోయినాయన తమ్ముడు కొట్టేట్టు మీదికొచ్చాడు. ఆమె అతని చెయ్యి పట్టి ఆపింది. తనే అడిగింది.

"ఈ మాట చెప్పేదానికి ఇంత దూరం వచ్చినారా అయ్యా?"

"చెప్పకుంటే రేపు ఇంకొకరిని ఇట్నే పంపేస్తానమ్మా."

ఆమె క్షమించానని అనలేదు. కూర్చోమనీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన ఊరిదాకా సైకిలు నడిపించుకుంటూనే వచ్చారని, ఎక్కమన్నా ఎక్కలేదని నాయన చెప్పాడు.

ఆ తర్వాత ఆయన నెలకు రెండుసార్లు నెల్లూరు పోయేవారు. గుండె నడకను కాగితం మీద గీసే యంత్రం అక్కడికి కొత్తగా వచ్చిందట. ఆ గీతలు చదవడం నేర్చుకోవడానికి, తనకంటే ఎంతో చిన్నవాళ్లయిన డాక్టర్ల పక్కన స్టూలు వేసుకొని కూర్చునేవారు. రొమ్ము నొప్పి అంటూ ఎవరొచ్చినా సరే, ఎంతమంది కాచుకొని ఉన్నా సరే, వాళ్లను నింపాదిగా కూర్చోబెట్టి అన్నీ అడిగేవారు. అనుమానం తీరకపోతే "నాకు తెలియడంలేదు. నెల్లూరు పోయి తెలుసుకుందాం పద" అనేవారు. తెలియదని చెప్పే డాక్టరును మా వాళ్లు అంతకుముందు చూడలేదు. మొదట్లో నవ్వారు. పోను పోను, ఆయన తెలుసునన్న మాటకు అందువల్లే విలువ పెరిగింది.

నేను టీచరు ట్రైనింగు ముగించి మా ఊరి బడికే వచ్చిన ఏడాది, ఒక ఉదయం నాయన ఒడ్డు నుంచి పెందలాడే తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "పాత మంటే. అల్లం నమిల్తే పోద్దిలే" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. బడికి పోతూ ఆస్పత్రి ముందు డాక్టరు గారు కనబడితే, ఊరికే మాటవరసకు చెప్పాను.

"తిన్నాక వచ్చిందామ్మా?"

"లేదండీ. ఇంకా ఏమీ తినలేదు. వల లాగుతుంటే వచ్చిందంట."

ఆయన ఇంకొక మాట అడగలేదు. సంచీ తీసుకొని మా ఇంటివైపు దాదాపు పరుగెత్తారు. నేను చేరేసరికి నాయన చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఎడమ దవడ నొక్కుకుంటున్నాడు.

"ఇది మీరు చెప్పిన పులుపే గదా సామీ" అన్నాడు నాయన, నవ్వబోతూ.

"అప్పుడు పులుపని చెప్పింది నేనే అన్నా. ఇప్పుడు కాదనేదీ నేనే. కదలబాక."

సూది వేశారు. నెల్లూరు పోయే చేపల లారీని ఆపి, వెనక గడ్డి పరిపించి, నాయనను అందులో పడుకోబెట్టారు. అంతదూరమూ చేపల నీళ్లలో తడుస్తూ, నాయన మణికట్టు వదలకుండా ఆయన పక్కనే కూర్చున్నారు. అమ్మ ఏడుస్తుంటే, "ఏడవబాక అక్కా. మనం పొద్దున్నే బయల్దేరినాం. అది మనకు మంచిది" అన్నారు. పెద్దాస్పత్రిలో గీతల కాగితం చేతికి వచ్చాక ఆయన దాన్ని రెండుసార్లు చూసి, గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నారు. గుండె దెబ్బతిన్న మాట నిజమే. నాయన ఆరువారాలు మంచం మీదున్నాడు. తర్వాత లేచి తిరిగాడు. లోతు వేటకు మళ్లీ పోలేదు. వలలు అల్లుతూ, మనవలతో పోట్లాడుతూ, హాయిగా ఉన్నాడు.

ఆ సోమవారం సాయంత్రమే కావలిలో సమాధి కార్యక్రమానికి మా పల్లె నుంచి రెండు బస్సుల నిండా వెళ్లాం. పాస్టరు గారు ప్రార్థన చేశాక నాయన వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. దాన్ని వెయ్యడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మంగళవారం పొద్దున నేను బడికి పోతుంటే ఆస్పత్రి వసారాలో బల్ల మీద ఇద్దరు కూర్చొని ఉన్నారు. కాలవ అవతలి దిబ్బ నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన కూతురు. కబురు వాళ్లదాకా చేరలేదు. మందు పోయించుకోవడానికి తెచ్చిన ఖాళీ సీసా ఆమె ఒళ్లో ఉంది. తళతళలాడేట్టు కడిగి, మూత లేక, మూతికి తాటాకు చుట్ట దోపింది. "నాయనకు దగ్గు టీచరమ్మా. డాక్టరు గారు ఇంకా లేవలేదా?" అని అడిగింది. నేను వసారా మెట్టెక్కి ఆగిపోతే, ముసలాయన కొంచెం పక్కకు జరిగి, తుండుగుడ్డతో బల్ల మీది ఇసుక దులిపాడు.

"వచ్చేస్తార్లేమ్మా. కూర్చో" అన్నాడు.