ఉడకని పప్పు

నా చిన్నప్పుడు కొత్తపేటలో ఇళ్ళకంటే ద్రాక్షతోటలే ఎక్కువ. నాన్నకు బదిలీ అయితే గుంటూరు నుంచి వచ్చి, ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకు దిగాం. వీధంతా ఆవిడను అవ్వ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. తెలంగాణ కావాలని మొదటిసారి ఉద్యమం రేగిన ఏడాది అది. బడులు మూసేశారు. నాకున్నది ఒకే ఒక్క స్నేహితురాలు, ఎదురింటి పిల్ల. ఉన్నట్టుండి ఆ పిల్ల కూడా రావడం మానేసింది. అరుగు మీద అచ్చనగాయలు పోసుకుని కూర్చునేదాన్ని. ఒక్కదాన్నే ఎంతసేపని ఆడను.

మా అమ్మ నోరు ఊరుకునే రకం కాదు. అంతకుముందే బావి దగ్గర నలుగురూ వింటుండగా, "ఇవేం నీళ్ళండీ, పప్పే ఉడకదు, అస్సలు బాగోవు" అనేసింది. వేరే రోజులైతే నవ్వి ఊరుకునేవాళ్ళు. అప్పుడు మాత్రం అందరూ బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. అందుకే ఎదురింటి పిల్ల రావడం లేదని, నేనంటే ఆ ఇంట్లో అందరికీ అసహ్యమని తేల్చేసుకుని ఏడుస్తూ ఉండేదాన్ని.

అవ్వ మా అమ్మను ఒక్క మాట అనలేదు. ఒకరోజు రెండు గిన్నెల్లో కందిపప్పు పొయ్యి మీద పెట్టి మమ్మల్ని పిలిచింది. ఒకదాంట్లో ఇంటి బావి నీళ్ళు, ఇంకోదాంట్లో తోట బావి నుంచి తెప్పించిన నీళ్ళు. తోట బావి నీళ్ళలో పప్పు వెన్నలా ఉడికింది. మా బావి నీళ్ళలో ఎంతసేపున్నా బద్ద బద్దగానే ఉంది.

"నువ్వన్నదాంట్ల సగం నిజమేనమ్మా. మా నీళ్ళల్ల పప్పు ఉడకది, ఎవరు పెట్టినా ఉడకది. బాగుండయి అన్నది మాత్రం నీ నోటి రుచి. నేను కాపురానికొచ్చినప్పటిసంది గివే తాగుతున్న, నాకు మంచిగనే ఉంటయి" అంది అవ్వ.

తర్వాత నా వైపు తిరిగి ఎందుకేడుస్తున్నావని అడిగింది. వాళ్ళకు నేనంటే ఇష్టం లేదన్నాను.

"గట్లని నీకెవరన్న చెప్పిండ్రా?"

ఎవరూ చెప్పలేదు.

"ఆ పిల్ల ఒస్తలేదు. గంతవరకు నువ్వు చూసినవు. కడమదంత నువ్వు అనుకున్నదే బిడ్డా. పోయి అడుగు."

వెళ్ళి అడిగాను. ఆ పిల్ల గడప లోపలే నిలబడి, "మా నాయిన వద్దన్నడు. నాకైతే ఆడాల్ననే ఉన్నది" అని గబగబా చెప్పి తలుపు వేసేసింది. బడులు తెరిచేలోపు వాళ్ళు నల్గొండ దిక్కు తమ ఊరికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ పిల్లను చూడలేదు.

ఆ ఎండాకాలమంతా నేను ఒంటరిగానే గడిపాను. అవ్వ చెప్పిన మాటతో నాకు తోడేమీ దొరకలేదు. కానీ నేనంటే అసహ్యమన్న బాధ పోయింది, ఒంటరితనం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ ఎలాగో ఓర్చుకోగలిగాను.

మా ఆయన పోయాక మన్సూరాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. కొన్ని సాయంత్రాలు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. అందరూ నన్ను మరిచిపోయారు అన్న మాట నోటిదాకా వస్తుంది. అక్కడ ఆగిపోతాను. ఇవాళ ఎవరూ రాలేదు, నాకు తెలిసింది అంతే. చెప్పులు వేసుకుని వెళ్ళి పక్కింటి తలుపు కొడతాను.